కమ్మీ తిరగలేదు

కిందటి వారం ఓబుళరెడ్డిని జమ్మలమడుగు మిషన్ చర్చి ఆవరణలో, గంటగోపురం నీడలో, చేత భూతద్దంతో వదిలిపెట్టాం. అతను చూస్తున్నది ఒక ఇనుపకమ్మీ కొనను. నూరేళ్ళకు పైబడి ఆ చర్చి గంటను మోసిన కమ్మీ అది. అంతకు ముందు, మిషన్ బడి మైదానంలో, కలెక్టరు దొర ఎదుట, యోనా అనే పిల్లవాడిని కింద పడేసిన కమ్మీ కూడా అదేనని ఊరంతటి నమ్మకం.

యోనా మామూలు పిల్లవాడు కాదు. బండల గనిలో రాళ్ళు కొట్టే కుటుంబంలో పుట్టి, మిషన్ బడిలో చదువుతూ, రింగుల మీదా జంటకమ్మీల మీదా మద్రాసు దాకా వెళ్ళి బహుమతులు తెచ్చిన కసరత్తుగాడు. అలాంటివాడు సొంత ఊళ్ళో, ఒంటికమ్మీ మీద నిండు సుడి తిరుగుతూ పడ్డాడు. కుడిభుజం మరి లేవలేదు. చేతుల్లో కమ్మీ దానంతటదే తిరిగిందన్నారు చూసినవాళ్ళు. విశ్రాంతిదినాన కసరత్తు చేసినందుకు దేవుడే తిప్పాడన్నాడు పాదిరి దొర; అందరికీ గుర్తుండాలని ఆ కమ్మీకే గంట వేలాడదీయించాడు. ఆ సంఘంలో ఆదివారానికొక ఇల్లు గంట కొట్టడం ఆచారం. యోనా ఇంటికి మాత్రం ఆ వంతు లేదు. ఈనాటికీ లేదు.

ఇప్పుడు గంటను కొత్త చట్రానికి మారుస్తున్నారు; ఈ ఆదివారం మళ్ళీ మోగిస్తారు. యోనా మనవరాలు ప్రసూన, పులివెందులలో వ్యాయామ ఉపాధ్యాయినిగా చేసి రిటైరైన మనిషి, తన ఇంటి వంతు తనకిమ్మని అడిగింది. అది దేవుడి చెయ్యి కాదని ఎవరైనా చూపిస్తే ఇస్తామన్నాడు సంఘపెద్ద సాల్మన్ రాజు. ఆమె ప్రొద్దుటూరు వెళ్ళి, ఫిజిక్సు లెక్చరరుగా రిటైరైన నాస్తికుడు ఓబుళరెడ్డిని పిలుచుకొచ్చింది. ఓబుళరెడ్డి భూతద్దంలో చూసింది ఆకురాయి గీతలు. గుంజ రంధ్రంలో కదలకుండా కూర్చోవడానికి నాలుగు పలకలుగా ఉండవలసిన కొనను ఎవరో గుండ్రంగా రాశారు. ఆ రోజుల్లో ఆ చుట్టుపట్ల సొంత కొలిమి ఉన్నది ఒకే ఒక్క ఇంటికి. ఆ ఇంటి కొడుకు గంగిరెడ్డి అదే బడిలో చదివాడు; ప్రతి పోటీలోనూ యోనా వెనకే నిలిచాడు; యోనా పడ్డాక అతని బదులు మద్రాసు వెళ్ళి వెండిపతకం తెచ్చాడు.

గంగిరెడ్డి ఓబుళరెడ్డికి తాత.

*

గురువారం ఉదయం ఓబుళరెడ్డి మోకాళ్ళ నొప్పులతోనే ప్రొద్దుటూరులో బస్సెక్కాడు, ఎక్కేటప్పుడే అలసిపోయి. ఎండ అప్పుడే కిటికీ ఊచలను కాల్చుతోంది. అతను తన జీవితంలో విభూతి రాల్చే స్వాములను నిలదీశాడు, కన్నీళ్ళు కార్చే పటాలను భూతద్దం కింద పెట్టి చూశాడు, దయ్యం పట్టిందన్న ఆడపిల్లను ఆసుపత్రికి పంపి ఊరివాళ్ళ చేత తిట్లు తిన్నాడు. ఏనాడూ అలసట తెలియలేదు. ఇంటి గోడమీద అద్దాల పెట్టెలో ఉన్న పతకాన్ని ప్రశ్నించవలసి రావడంతో తెలిసింది. ఇతరుల నమ్మకాలను కూలగొట్టే పని ఎంత సుఖంగా ఉండేదో అతనికి ఇప్పుడు అర్థమవుతోంది.

వారమంతా ఆకురాయి గీతల సంగతి ప్రసూనకు ఫోన్లో చెప్పవచ్చు, చెప్పలేదు. కిందటి వారం చర్చి ఆవరణలోనే, ‘ఇంకొంచెం పరీక్షించాలి’ అని తప్పించుకున్నాడు. ఆ మాట తన నోటినుంచి వస్తుంటే, స్వాముల శిష్యులు చెప్పే సాకులకూ దీనికీ పెద్ద తేడా కనిపించలేదు.

చర్చి ఆవరణలో సాల్మన్ రాజు వేపచెట్టు కింద సిమెంటు అరుగుమీద కూర్చుని తువ్వాలుతో విసురుకుంటున్నాడు. ఏడాది ఎక్కువో తక్కువో, ఇద్దరిదీ ఒకే వయసు.

“రాప్పా రెడ్డిసారూ,” అన్నాడు. “మళ్ళా వచ్చినావే! ఇంగొక తూరి వచ్చినావంటే సంఘం పుస్తకంలో నీ పేరు రాసుకోవాల్సి వస్తాది.”

“రాసుకో. నాస్తికుడని పక్కన బ్రాకెట్లో రాయి.”

“మాకాడ బ్రాకెట్లు లేవు సామీ. ఒకే రకం పాపులుండాము.”

ప్రసూన అప్పటికే వచ్చి ఉంది. పులివెందులలో తెల్లవారగట్ల బస్సెక్కి, ముద్దనూరు మీదుగా వచ్చిన మనిషి. చేతిసంచిలో సంఘపెద్దకని తెచ్చిన చీనీకాయలు. పొట్టి మనిషి, అరవై దాటినా వెన్ను ఇంకా నిటారు. నిలబడ్డప్పుడు రెండు పాదాలమీదా సమంగా బరువు మోపి నిలబడుతుంది, విజిల్ ఊదబోతున్నట్టు.

“అత్తకు ఎట్లుంది?” అని అడిగాడు ఓబుళరెడ్డి.

“ఉండాది సార్. పొద్దున్నే లేసి, గంట ఎక్కించినారా అని అడుగుతాది. లేదంటే మళ్ళా పండుకుంటాది. ఆదివారం మన ఇంటోళ్ళు కొడ్తారా అంటాది. నాకేమో జవాబు రాదు.” ఆమె అత్త కరుణమ్మ, యోనా చివరి కూతురు, మంచం పట్టి చాలా కాలమైంది. యోనా రక్తంలో ఆయన్ను కళ్ళారా చూసినది ఆమె ఒక్కతే మిగిలింది. ఆ ఇంటికి ఈ ఆదివారం వంతు రాకపోతే, వచ్చే దాకా ఆమె ఉంటుందో లేదో ఎవరికీ తెలియదు.

ఓబుళరెడ్డి అరుగుమీద కూర్చున్నాడు. ఎదురుగా, గోపురం కింద, గంట బోర్లా నేలమీద ఉంది. మేస్త్రీలు నిన్ననే గోడ పగలగొట్టి కమ్మీని పూర్తిగా బయటికి లాగి, రెండు ఇటుకలమీద ఆనించి పోయారు. అతను దానివైపు చూడలేదు. చూడవలసింది చూసేశాననే అనుకున్నాడు.

“ఇద్దరికీ ఒకటే తూరి చెప్పల్లని వచ్చినా,” అన్నాడు. “మధ్యలో మాట్లాడకండి. మాట్లాడితే నేను చెప్పలేను.”

చెప్పాడు. ఆకురాయి గీతలు, రాసిన కొన, తన తాత ఇంటి కొలిమి, మద్రాసు పతకం. తరగతిలో చెప్పినట్టే, ఒకదాని తర్వాత ఒకటి, గొంతు పెంచకుండా చెప్పాడు. “దేవుడు తిప్పలేదు. మా జేజినాయన తిప్పినాడు. మీ ఇంటికి గంట వంతు ఇయ్యకుండా ఇన్నేండ్లు చేసిన పాపం మాది. ఆదివారం సంఘం ముందర నిలబడి ఇదే మాట చెప్తా.”

సాల్మన్ రాజు తువ్వాలు విసరడం ఆపాడు. తర్వాత మెల్లగా, దాదాపు జాలిగా అన్నాడు:

“ఇంత దూరం బస్సులో వచ్చి, మోకాళ్ళ నొప్పులు పెట్టుకోని, ఇది చెప్పేకి వచ్చినావా? నేనొకటి అడుగుతా. దేవునికి పని చేసేకి ఆకురాయి దొరకలేదా, మీ రెడ్ల కొలిమిలో? బైబిల్లో ఫరో రాజు గుండెను కఠినం చేసినోడికి, గంగిరెడ్డి చేతిని కదిలించేది ఒక లెక్కనా? సంఘంలో ఎవరన్నా లేసి ఆ మాట అన్నారనుకో, నేనేమని చెప్పల్ల?”

ఓబుళరెడ్డికి కోపం రాలేదు. ఈ తర్కం అతనికి కొత్త కాదు. దేన్నైనా మింగి అరాయించుకోగల తర్కం అది. జీవితమంతా దానితో పోట్లాడాడు. ఇవాళ పోట్లాడే ఓపిక లేదు.

“మీకెప్పుడు తెలిసింది సార్?” అంది ప్రసూన.

“పోయిన వారమే.”

“ఈడ నిలబడి, నా మొగం చూసి, ఇంకా పరీక్షించల్ల అన్నారే, అప్పుడేనా?”

“అప్పుడే.”

“మా అత్త దినామూ అడుగుతాంటే నేను, సార్ పెద్ద మనిషి, తొందరపడి మాట్లాడే రకం కాదు అని చెప్తాంటిని.” ఆమె గొంతు పెరగలేదు. పిల్లలను మైదానంలో వరసపెట్టే గొంతు అది. పెరగవలసిన అవసరం దానికి ఎప్పుడూ రాలేదు. “మీ ఇంటి పరువుకు ఒక వారం పట్టింది. మా అత్తకు వారాలు యాడుండాయి?”

“తప్పే,” అన్నాడు ఓబుళరెడ్డి. తప్పును తప్పని ఒప్పుకోవడం మాత్రం అతనికి చేతనవును.

“యాడ రాసినారో చూపీండి,” అంది ఆమె. లేచి కమ్మీ దగ్గరికి నడిచింది. అతను మోకాళ్ళమీద చేతులు ఆనించి లేచాడు. ఆమె కమ్మీ ముందు గొంతుక్కూర్చుని, నడుమ రెండు చేతులతో పట్టుకుంది. చిన్న చేతులు, అయినా బొటనవేలు వచ్చి చూపుడువేలిమీద సరిగ్గా కూర్చుంది.

“సన్నంగుండాది,” అంది. తన చేతులను చూసుకుంటూ, “మా అబ్బ చేతులు నాకొచ్చినాయంటారు.”

తాత పట్టుకున్న ఇనుమును ఆమె మొదటిసారి పట్టుకుంటోంది. ఇన్నాళ్ళూ అది అందనంత ఎత్తులో గంట బరువు కింద ఉండేది. ఆమె కొంచెం అటూ ఇటూ కదిపేసరికి కమ్మీ ఇటుకలమీద దొర్లింది. రెండో కొన, కిందటి వారం గోడలో కూరుకుపోయి ఉన్న కొన, సున్నం రాలి వెలుగులోకి వచ్చింది.

ఓబుళరెడ్డి దాన్ని చూశాడు. చూసి, నేలమీద చతికిలబడ్డాడు. మోకాళ్ళ సంగతి మరిచిపోయాడు.

ఆ కొన కూడా గుండ్రంగానే ఉంది.

భూతద్దం తీశాడు. ఒక కొన, తర్వాత రెండో కొన, మళ్ళీ మొదటిది. ఆకురాయి గీతలు రెండింటికీ ఉన్నాయి, కానీ అంచుల్లోనే. లోపలి భాగమంతా గీతలు చెరిగిపోయి నునుపుగా, మెరుస్తూ, కొంచెం సన్నగిల్లి ఉంది. నీళ్ళ గిలకలో ఇరుసు ఏళ్ళ తరబడి తిరిగి అరిగితే ఎలా ఉంటుందో అలా. ఒక్క పూట పోటీలో, ఒక్కసారి తిరిగితే ఇనుముకు ఈ అరుగుదల రాదు. గోడలో కదలకుండా బిగించాక వచ్చే వీలే లేదు. అంటే అంతకు ముందే, ఎక్కడో, ఎవరి చేతుల్లోనో, ఇది రోజూ తిరిగింది.

“ఏంది సార్?” అంది ప్రసూన.

“నేను తప్పు చెప్పినా,” అన్నాడు ఓబుళరెడ్డి. ఒక్క కొన చూసి తీర్పు చెప్పాడు. మొదటి సంవత్సరం పిల్లవాడు ప్రయోగశాలలో ఈ పని చేస్తే రికార్డు వాడి మొహాన విసిరేవాడు. సొంత తాతను దోషిగా నిలబెట్టడంలో కూడా ఒక డంబం ఉందనీ, ఆ డంబమే తన కళ్ళు కప్పిందనీ అతనికి తోచింది. “ఇది పోటీ కమ్మీ కాదు. ఇది అభ్యాసం చేసిన కమ్మీ. రెండు కొనలూ కావాలని రాసినారు, తిరగల్లనే రాసినారు. దీనికి మా జేజినాయన వచ్చి రాయల్సిన పని ల్యా. ఎందుకు రాసినారో మాత్రం నాకు తెలీదు.”

ప్రసూన చాలాసేపు కమ్మీని వదల్లేదు. తర్వాత అరచేతులు విప్పి తనే చూసుకుంది.

“నాకు తెలుసు సార్. నిండు సుడి తిరిగేటప్పుడు కమ్మీ కదలకపోతే చర్మం లేసొస్తాది. నేను హాస్టల్లో ఉన్నప్పుడు మా బారు ఒకటి వదులైంది. చేతులతోపాటు అదీ తిరిగేది. ఎంత హాయి! బొబ్బ ల్యా, మంట ల్యా. మా కోచ్ చూసి చెంప పగలగొట్టినాడు. ‘ఇది నీ చేతులకు అబద్ధం నేర్పిస్తాంది పాపా’ అన్నాడు. బిగించిన కమ్మీ మీదైతే ప్రతి సుడిలో మణికట్టును మనమే మార్చుకోవాల. తిరిగే కమ్మీ మీద ఆ పని అదే చేసేస్తాది. అలవాటు పడినామంటే, బిగించిన దాని మీద చెయ్యి తెరుచుకుంటాది. అప్పుడింగ దేవుడు కూడా పట్టుకోలేడు.” ఆగి, “మా అబ్బ బడి లేనప్పుడంతా బండలు కొట్టేటోడు,” అంది. “అరచేతుల్లో చర్మం యాడుంటాది? అందుకే రాసుకున్నాడు.”

“దూరం నుంచి చూసేటోళ్ళకు జారే చేతులు కనబడవు,” అన్నాడు ఓబుళరెడ్డి. “కమ్మీ తిరిగినట్టే అనిపిస్తాది.”

ఆమె ఒక్కసారిగా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

“అత్త చెప్తాంటాది సార్. అబ్బ సచ్చిపోయే దాకా ఒకటే మాటంట. ‘కమ్మీ తిరగలేదు పాపా, తిరగలేదు.’ అందరూ నవ్వేటోళ్ళంట, ముసిలోడు తప్పు ఒప్పుకోడు అని. మా నాయన కూడా నమ్మలేదు.”

యోనా ఒక్క వాక్యంలో అసలు కారణం చెప్పి పోయాడు. వినవలసినవాళ్ళందరికీ అది బొంకులా వినిపించింది.

అరుగుమీద సాల్మన్ రాజు కదిలాడు. ఇంతసేపూ అతను ఒక చీనీకాయను అరచేతుల మధ్య దొర్లిస్తూ ఉన్నాడు. ఒలిచే ఉద్దేశం ఉన్నట్టు లేదు.

“అట్లయితే పాదిరి దొర వేలాడదీసింది వేరే కమ్మీనా?” అన్నాడు ఓబుళరెడ్డి అతనివైపు తిరిగి. “పోటీలో పెట్టింది తెమ్మంటే ఇదెట్ల వచ్చింది?”

“ఎట్లొస్తాది? మోసుకొస్తే వస్తాది.” సాల్మన్ రాజు నేల చూశాడు. “మా అబ్బ మోసినాడు. ఇంకోడెవడో కూడా ఉండాడు. నా చిన్నప్పుడు నవ్వుకుంటా చెప్పేటోడు, నేను కథ అనుకున్యా. పోటీకి కమ్మీ ఇచ్చింది గంగిరెడ్డి వాళ్ళ నాయన. పోటీ అయిపోతానే బండిలో ఏసుకోని పోయినాడు. దొరేమో పోయి తీసుకొని రాండిరా అన్నాడు. యాడికి పోతారప్పా? రెడ్డి వాకిట్లోకి మనోళ్ళు పోయి, సామీ, మీ ఇనుము ఇస్తారా, మా గుడికి కావాలని అడుగుతారా? ఆ కాలంలో? వాకిలి దాటితే కాళ్ళు ఇరగ్గొడ్తారు. లేదని దొరకు చెప్తే దొర తిడ్తాడు. ఇద్దరూ కల్లుకొట్టం కాడ కూర్చోని ఆలోచన చేసి, యోనా ఇంటెనకాల గుంజలకున్న కమ్మీ పెరికి ఎత్తుకొచ్చినారు. దొరకు ఏ ఇనుమైనా ఇనుమే గదా. ‘ఇదే ఆ కమ్మీ!’ అని ప్రార్థన చేసి గంట కట్టించినాడు.”

“యోనా చూడలేదా?” అన్నాడు ఓబుళరెడ్డి.

“మంచంలో ఉండాడు గదా, భుజం ఇరిగి. లేసేటప్పటికి పైన గంట మోగుతాండాది. అప్పుడింగ ఎవురు దించుతారు?” సాల్మన్ రాజు పండును సంచిలో తిరిగి పెట్టేశాడు. “దేవుని తీర్పు అని నేను చెప్పిన ప్రసంగాలన్నీ మా అబ్బ భయం మీద కట్టినవే, చూడు.”

వేపచెట్టు మీద ఏదో పిట్ట ఒకటే కూత కూస్తోంది. ప్రసూన ఏడవలేదు. కమ్మీమీది సున్నాన్ని కొంగుతో తుడుస్తూ ఉండిపోయింది.

“అయితే ఆదివారం?” అంది చివరికి.

సంఘపెద్ద జవాబు న్యాయంగానే ఉంది. “నాకు నమ్మకం కుదిరిందమ్మా. సంఘానికి కుదరల్ల. కమిటీలో ముగ్గురు నలుగురుండారు, వాళ్ళకు నోరు తప్ప ఇంకేం లేదు. ఇది ఆ కమ్మీ కాదు అంటే, ఏదిరా ఆ కమ్మీ అంటారు. రెండూ పక్కపక్కన పెట్టి చూపిస్తే ఎవురూ కిక్కురుమనరు. అది దొరికిందా, ఆదివారం గంటతాడు నేనే తెచ్చి నీ చేతికిస్తా. లేకుంటే నాకు వాళ్ళతో కొట్లాడే ఓపిక ల్యా. ఎప్పుడో ఇనప సామాన్లోడికి పొయ్యుంటాదిలే. ఏం రెడ్డిసారూ?”

“అట్లే అయ్యుంటాది,” అన్నాడు ఓబుళరెడ్డి.

ఆ మాట అంటున్నప్పుడు అతని కళ్ళముందు తన ఇంటి నడవ ఉంది. నడవలో ఉయ్యాలబల్ల ఉంది. దూలాల మధ్య, తాత కాలం నుంచీ ఉయ్యాల గొలుసులు వేలాడే ఇనుపకమ్మీ ఉంది.

*

ఇల్లు చేరేసరికి సాయంత్రమైంది. చొక్కా విప్పలేదు, మంచినీళ్ళు తాగలేదు. ఎదురు వీధిలో వెల్డింగ్ షాపు నడిపే జమీర్‌ను కేకేశాడు. నిచ్చెన తెమ్మన్నాడు.

“ఏం సార్, ఉయ్యాల బాగు చెయ్యల్లనా? నిక్షేపంగా ఉండాది గదా.”

“ముందు ఆ మసి తుడు.”

భార్య పోయాక ఆ ఉయ్యాలమీద ఎవరూ కూర్చోవడం లేదు. పాత పత్రికలు పేర్చి ఉన్నాయి. వాటిని దించుతూ ఓబుళరెడ్డి ఒక విషయం గమనించాడు. అది జీవితమంతా తెలిసినదే, ఎప్పుడూ ప్రశ్నగా తోచనిది. అందరి ఇళ్ళలోనూ ఉయ్యాల కిర్రుమంటుంది. తమ ఇంట్లో ఏనాడూ అనలేదు. కమ్మీ కదిలితే కదా.

“రెండు పక్కలా పలకలే సార్,” అన్నాడు జమీర్ పైనుంచి, సెల్‌ఫోను వెలుగు వేసి. “నాలుగు పలకలు. దూలానికి తొలిచి దిగ్గొట్టినారు. ఆకురాయి తగల్లేదు. పాతకాలం పని, భలే పని.”

ఓబుళరెడ్డి గోడకు ఆనుకున్నాడు. తాత ముట్టుకోలేదు. ఏ అర్ధరాత్రీ ఏ దొంగచెయ్యీ ఆకురాయి పట్టలేదు. వారం రోజులుగా గుండెమీద కూర్చున్న బరువు లేచిపోయింది. లేచిపోయాక, ఆ ముసలాయన ముందు మనసులోనే క్షమాపణ చెప్పుకున్నాడు.

అంతటితో ఆగి ఉంటే సరిపోయేది. కానీ ఒక్క కొన చూసి తీర్పు చెప్పిన తప్పు ఉదయమే చేశాడు. మరొకసారి చేయదలచలేదు. జమీర్ వారిస్తున్నా వినకుండా నిచ్చెన ఎక్కాడు. చెయ్యి చాచి కమ్మీని నడుమ పట్టుకున్నాడు.

లావుగా ఉంది. ప్రసూన పట్టుకున్నదానికి ఒకటిన్నర రెట్లు లావు. అయినా అతని వేళ్ళు చుట్టూ తిరిగి, బొటనవేలు చూపుడువేలిమీద హాయిగా కూర్చుంది. ఓబుళరెడ్డివి చాటల్లాంటి చేతులు. తండ్రివీ అంతే. గంగిరెడ్డివి ఇంకా పెద్దవని చెప్పుకునేవారు.

“జమీరూ, నువ్వు పట్టుకో.”

జమీర్ సన్నటి మనిషి. పట్టుకున్నాడు. బొటనవేలు చూపుడువేలిని అందుకోలేదు. మధ్యలో చాలా జాగా మిగిలింది. “దీన్ని పట్టుకోని ఏలాడాలంటే కష్టం సార్,” అన్నాడు నవ్వుతూ. “మీబోటోళ్ళకు చేసిన కమ్మీ ఇది.”

ఓబుళరెడ్డి మెట్టు మెట్టుగా దిగి కింది మెట్టుమీద కూర్చున్నాడు. నేరం లేదు. ఎవరూ ఏదీ రాయలేదు, విరవలేదు. ఒక పెద్దింటి ఆసామి బడి పోటీకి కమ్మీ ఇచ్చాడు. సొంత కొలిమిలో, సొంత కొడుకు గుప్పిటకు సరిపోయేలా చేయించాడు. మిగిలిన పిల్లల చేతులెంత ఉంటాయో కొలవాలని అతనికి తోచలేదు. తోచవలసిన అవసరం అలాంటి ఇళ్ళలో ఎవరికీ రాదు. కలెక్టరు చప్పట్లు కొట్టి ఉంటాడు. ఆకురాయి అయితే మోసమనవచ్చు. దీన్నేమనాలి?

ఫోను తీసి ప్రసూనకు చేశాడు.

“పోటీ కమ్మీ మా ఇంట్లోనే ఉండాదమ్మా. ఉయ్యాలకు పెట్టినారు. పొద్దున నాకు గుర్తొచ్చింది, గుర్తొచ్చి కూడా మీ ముందర చెప్పలేదు. అది రెండో తప్పు. ఇప్పుడే దించుతాండా. ఆదివారం నేనే తెచ్చి గుడిముందర పెడతా. రెండూ పక్కపక్కన. చిన్నపిల్లోడు పట్టుకోని చూసినా తెలిసిపోతాది.”

అవతల ప్రసూన లేచిన చప్పుడు. “సార్... అత్తకు చెప్తా ఉండండి. పక్కనే ఉండాది. అత్తా, ఆ కమ్మీ దొరికిందంట! రెడ్డిసార్ ఇంట్లో...”

జమీర్ అప్పటికే పని మొదలుపెట్టాడు. ఒక పక్క కొక్కెం విప్పాడు. ఉయ్యాలబల్ల ఒక కొన కిందికి వాలి వేలాడింది.

ఫోనులో చేతులు మారిన చప్పుడు. తర్వాత ఎండిపోయిన గొంతు ఒకటి, నెమ్మదిగా, ప్రతి మాటా పట్టుకుని నడుస్తున్నట్టు:

“ఎవురూ, గంగిరెడ్డి మనవడివా?”

“అవునమ్మా.”

“కమ్మీ దించుతాండావా?”

“దించుతాండా. ఆదివారం మీ ఇంటోళ్ళే గంట కొడ్తారు.”

“దించద్దు.”

ఓబుళరెడ్డి సరిగా వినలేదేమోనని ఫోనును చెవికి ఒత్తుకున్నాడు.

“దించద్దంటాండా. ఆ ఇంటికి నేను వచ్చినా నాయనా. చిన్నపిల్లను. మీ జేజినాయన మనిషినంపి మా నాయనను పిలిపించుకున్నాడు. మా నాయనను ఉయ్యాల మీద కూర్చోబెట్టి, ఆయప్ప నేలమీద కూర్చున్నాడు. రెడ్డి నేలమీద, మా నాయన పైన. నేను మా నాయన కాళ్ళకాడ ఉండా. ఆ కమ్మీ ఏందో, ఎంత లావో, ఆ పొద్దే మా నాయనకు తెలుసు. నాకూ తెలుసు.”

“తెలిసి ఇన్నేండ్లు...”

“మా నాయన మాట ఇచ్చినాడు. ఆ కమ్మీ ఆ ఇల్లు దాటి బయటికి రాదని. ఎందుకిచ్చినాడో ఫోన్లో చెప్పేది కాదు. మీ జేజినాయన ఏమడిగినాడో అసలే కాదు. నువ్వు నా కాడికి రా. అది వినేంత వరకు దాని మీద చెయ్యి ఎయ్యద్దు.” ఊపిరి అందడం లేదు, అయినా గొంతు తగ్గలేదు. “గంట మోగకపోతే మోగకపోనీ.”

ఫోను ఆగిపోయింది.

నిచ్చెన మీద జమీర్, రెండో గొలుసు కొక్కెం మీద చెయ్యి వేసి, కిందికి చూస్తున్నాడు. ఉయ్యాలబల్ల ఒంటి గొలుసుకు వేలాడుతూ మెల్లగా తిరుగుతోంది. పైన కమ్మీ మాత్రం కదలడం లేదు.

“సార్,” అన్నాడు. “విప్పేదా, వద్దా?”